ఎనిమిది దీపాలు, ఏనుగు గోడ

కరెంటు వైర్లు దూర్చే లోహపు గొట్టాలు, వాటికి బిగించిన స్విచ్చులు, మామూలు బల్బులు. అంతే! మాథ్యూ మెకాస్లిన్ అనే అమెరికన్ కళాకారుడు 2000లో వీటితో ఒక వస్తువు చేశాడు. పేరు ‘బీయింగ్ ద లైట్’. న్యూయార్క్‌లోని జూయిష్ మ్యూజియం సేకరణలో ఉంది. అది హనుక్కా దీపం. అంటే యూదుల ఇళ్లలో ఏటా పండుగ రాత్రుల్లో ఆశీర్వచనాలు చెప్పుకుంటూ వెలిగించే దీపం. నూనె లేదు, వత్తి లేదు, వెండి లేదు. రాత్రికొక స్విచ్చు నొక్కడమే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

యూదుల ఆరాధన వస్తువులంటే మనలో చాలామందికి బైబిలు ద్వారానే పరిచయం. నిర్గమకాండంలో బెసలేలు చేసిన దీపవృక్షం, ప్రత్యక్ష గుడారం తెరలు, ధూపవేదిక. కొలతలతో సహా రాసిపెట్టిన ఆ పని ఆ కాలంతోనే అయిపోయిందనుకునే వాళ్లమే ఎక్కువ. ఇవాళ్టి ఆర్కిటెక్టులు, శిల్పులు, ప్లాస్టిక్ కుర్చీలకు రూపమిచ్చే డిజైనర్లు కూర్చుని, పండుగ బల్ల మీద గిన్నె ఎలా ఉండాలి, ప్రార్థన దీపం ఎలా ఉండాలి అని ఇప్పుడు, ఈ ఏడు, ఆలోచిస్తున్నారంటే ఎంత సంతోషమేసిందో!

హనుక్కా దీపానికి శాస్త్రం చెప్పేది చాలా కొంచెం. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో యెరూషలేము ఆలయాన్ని గ్రీకు పాలకుల చేతిలోంచి తిరిగి దక్కించుకుని శుద్ధి చేసుకున్న జ్ఞాపకంగా ఎనిమిది రాత్రుల పండుగ. మొదటి రాత్రి ఒక దీపం, రెండో రాత్రి రెండు, అలా పెంచుకుంటూ ఎనిమిది. అవి ఒకే వరసలో, ఒకే ఎత్తులో ఉంటే మంచిది. వాటిని వెలిగించే తొమ్మిదో దీపం, షమాష్, కాస్త విడిగా కనబడాలి. ఎనిమిదింటి వెలుగులో చదువుకోకూడదు, పని చేసుకోకూడదు, చూసి ఆనందించాలంతే. ఇక లోహమేమిటి, ఎత్తెంత, పువ్వులా సింహాలా? ఆ మాటే లేదు! మిగిలినదంతా చేసేవాడి చేతికే వదిలేశారు. మెకాస్లిన్ బల్బులను చాలామంది రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఒప్పుకోరు, మంట ఉండాలంటారు. ఆ వాదన కూడా నాకు ముచ్చటగానే ఉంది. ఒక కళాఖండం ముందు నిలబడి ఇది చెల్లుతుందా, చెల్లదా అని ఇంత పట్టింపుగా ఇంకెక్కడ అడుగుతారు?

అందం ఇక్కడ అలంకారం కాదు, విధి. ‘హిద్దూర్ మిత్స్వా’ అంటారు. నిర్గమకాండం 15వ అధ్యాయంలో, సముద్రం దాటాక పాడిన పాటలో దేవుణ్ని మహిమపరుస్తానన్న మాట ఉంది. మనిషి దేవుడికి కొత్తగా తెచ్చిపెట్టే సొగసేమిటని రబ్బీలు అడిగి, తామే జవాబు చెప్పారు: ఆయన ముందు చేసే పనులను అందంగా చెయ్యి. పర్ణశాల అందంగా, కొమ్ముబూర అందంగా, గ్రంథపు చుట్ట అందంగా. అందమైనది కొనడానికి ఖర్చు ఎంత పెంచాలో కూడా తల్మూద్ లెక్క కట్టింది. మూడోవంతు! సొగసు కోసం బడ్జెట్ రాసిపెట్టిన ధర్మశాస్త్రం! ఈ మాట చెప్పకుండా ఈ మధ్య నేనెవరినీ వదిలిపెట్టడం లేదు.

జూయిష్ మ్యూజియంలో హనుక్కా దీపాలే వెయ్యికి పైగా ఉన్నాయి. వాటిలో రిచర్డ్ మేయర్ చేసిన దాని దగ్గర మీరు కాసేపు ఆగాలి. తెల్లటి భవనాలకు పేరు పడ్డ ఆర్కిటెక్ట్ ఆయన. 1980ల్లో తగరం పూత పూసిన రాగితో ఈ దీపం చేశాడు. ఎనిమిది దీపపు బుడ్లూ ఎనిమిది చిన్న కట్టడాలు, ఒకదాని పోలిక ఇంకొకదానికి లేదు. ఒక్కొక్కటీ యూదులు హింస పడ్డ ఒక్కో కాలపు వాస్తురూపం. ఈజిప్టు బానిసత్వంతో మొదలై, నాజీల నిర్బంధ శిబిరం దగ్గర ఆగుతుంది. పండుగ ఎనిమిదో రాత్రి, ఇల్లంతా సంబరంగా ఉన్నప్పుడు, ఆ శిబిరం మీద కూడా ఒక మంట వెలుగుతుంది. వరస మాత్రం తప్పలేదు, షమాష్ వేరుగానే ఉంది. నియమాన్ని అంగుళం కదపకుండా అంత చరిత్రను అందులో ఇమడ్చడం చూస్తే గొంతు పూడుకుపోయింది.

అదే మ్యూజియంలో కరీం రషీద్ దీపం ఉంది, 2004 నాటిది. కైరోలో ఈజిప్టు తండ్రికి, ఇంగ్లండు తల్లికి పుట్టిన డిజైనర్ ఆయన. సిలికోన్‌తో చేశాడు. మెత్తటి ముద్దలోంచి బుడ్లు పైకి పొంగినట్టుంటాయి. యూదు పండుగ దీపం చెయ్యడానికి యూదుడే కానక్కర్లేదు! శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాంటెంపరరీ జూయిష్ మ్యూజియం 1984లో మొదలుపెట్టిన డొరొతీ సాక్స్ పేరిటి ఆహ్వాన ప్రదర్శనల పద్ధతీ ఇదే. ఏదో ఒక ఆరాధన వస్తువును ఎంచుకుని, యూదులైనా కాకపోయినా కళాకారులను పిలిచి ‘మీరైతే ఎలా చేస్తారు?’ అని అడుగుతూ వచ్చారు. 2005లో సుగంధద్రవ్యాల పెట్టె వంతు వచ్చింది. శనివారం చీకటిపడి విశ్రాంతి దినం సెలవు తీసుకుంటుంటే, దిగులుపడే ఆత్మను ఊరడించడానికి లవంగాలో దాల్చినచెక్కో వాసన చూస్తారట. ఆ వాసన పట్టి ఉంచే పెట్టెకు శాస్త్రం ఏ రూపమూ చెప్పలేదు. యూరప్‌లో శతాబ్దాలపాటు దాన్ని చిన్న బురుజులా చేశారంటే అది కేవలం అలవాటు.

ఇలా అలవాటు రూపాలను వదిలి కొత్తగా చెయ్యడానికి బాట వేసినవారిలో లుడ్విగ్ వోల్పర్ట్ ఒకడు. 1930లో, జర్మనీలో, పస్కా పండుగకు వెండి, నల్లచేవ కర్ర, గాజుతో ఒక పాత్ర చేశాడు. లోపల మూడు అరల్లో మూడు పులియని రొట్టెలు, పైన చేదుకూరలూ తక్కినవీ పెట్టే గాజు గిన్నెలు. తీగలు, లతలు, సింహాలు ఏమీ లేవు. రొట్టెలే గాజులోంచి కనబడుతూ అలంకారమయ్యాయి. 1933లో ఆయన పాలస్తీనాకు వెళ్లిపోయాడు. 1956లో జూయిష్ మ్యూజియం టోబీ పాషర్ వర్క్‌షాప్ పెట్టి న్యూయార్క్‌కు పిలిపించుకుంది. మ్యూజియంలోనే కొలిమి! పాతవి దాచే చోటే కొత్తవి పుట్టాలని ఎవరికి తోచిందో గానీ వారికి నా నమస్కారం.

పాత వస్తువుకు కొత్త రూపమివ్వడం ఒక ఎత్తు. తాతల కాలంలో లేనే లేని వస్తువును చెయ్యడం ఇంకో ఎత్తు. పస్కా బల్ల మీద ఏలీయా ప్రవక్త కోసం ద్రాక్షారసపు గిన్నె ఉంచడం పాత ఆచారం. 1980ల చివర్లో బోస్టన్‌లో కొందరు మహిళలు దాని పక్కన మిర్యాము పేరిట నీళ్ల గిన్నె పెట్టడం మొదలుపెట్టారు. అరణ్యంలో మిర్యాము పుణ్యాన ఒక బావి ఇశ్రాయేలీయుల వెంట నడిచిందని వాళ్ల సంప్రదాయ కథ. సరే, ఆ గిన్నె ఎలా ఉండాలి? చూసి చెయ్యడానికి పాతది ఒక్కటీ లేదు. ఎమీ క్లైన్ రైఖర్ట్ అనే ఆర్కిటెక్ట్ 1997లో వెండితో ఒకటి రూపొందించింది, చుట్టూ చిన్న చిన్న తాళాల బిళ్లలతో. సముద్రం దాటాక తంబుర పట్టుకుని స్త్రీలందరినీ ఆడించింది మిర్యామే కదా! నీళ్ల కోసం ఎత్తితే గిన్నె గలగలమంటుంది. అందంగా చెయ్యమనే విధి ఏ అధ్యాయంలోంచి వచ్చిందో మిర్యాము తంబుర కూడా అక్కడిదే. ఆ బల్ల దగ్గర కూర్చుని ఆ చప్పుడు వినాలని నాకు ఎంత కోరికగా ఉందో చెప్పలేను.

టోబీ కాన్ అనే కళాకారుడు, యూదులు ఆచారంగా పస్కా నుంచి 49 రోజులు లెక్కపెట్టుకోవడానికి 49 చిన్న ముక్కల చట్రం చేశాడు, దేని ఆకారం దానిదే. రోజు గడిచిందని చేతికి తెలుస్తుంది.

ఇక సుక్కా. ఈజిప్టు నుంచి బయటపడ్డాక అరణ్యంలో 40 ఏళ్లు తిరిగిన జ్ఞాపకంగా, పర్ణశాలల పండుగకు ఆరుబయట ఏడు రోజులు ఉండే తాత్కాలిక గుడిసె. మనం పెళ్లికి వేసే తాటాకు పందిరి లాంటిదే, కాకపోతే దీని లెక్కలు చూడండి. పైకప్పు నేలలో మొలిచి, కోసినదై ఉండాలి. ఎండకన్నా నీడ ఎక్కువ పడాలి, అయినా రాత్రి చుక్కలు కనబడితే మేలు. ఎత్తు పది బెత్తెలకు తగ్గకూడదు, ఇరవై మూరలకు మించకూడదు. పడవ మీద కట్టొచ్చు, బండి మీద కట్టొచ్చు, ఒంటె మీద కూడా. ఏనుగును కట్టేసి గోడగా నిలబెడితే? చెల్లుతుంది! అది చచ్చిపడినా పది బెత్తెల ఎత్తు ఉంటుంది కాబట్టి గోడ గోడేనని తల్మూద్ తేల్చింది. ఇంతకన్నా గొప్ప ఆర్కిటెక్చర్ ప్రశ్నపత్రం నేను చూడలేదు.

2010లో న్యూయార్క్‌లో జాషువా ఫోయర్ అనే రచయిత, రీబూట్ అనే సంస్థ కలిసి దాన్ని నిజంగానే పోటీ చేసేశారు. పేరు ‘సుక్కా సిటీ’. 600కు పైగా నమూనాలు వచ్చాయి. పన్నెండు ఎంచి సెప్టెంబరులో రెండు రోజులు యూనియన్ స్క్వేర్‌లో నిలబెట్టారు. ఒకరు గాజు గోడల మీద మహావృక్షపు దుంగను పడుకోబెట్టారు. హెన్రీ గ్రాస్‌మన్, బాబక్ బ్రయన్ క్వీన్స్ తేమనేలల్లోని రెల్లు కోసుకొచ్చి పగిలిన బుడగలాంటి సుక్కా కట్టారు. జనం ఓట్లు దానికే పడ్డాయి.

నన్ను వదలనిది మాత్రం రేల్ సాన్‌ఫ్రాటెల్లో జంట కట్టిన ‘సుక్కా ఆఫ్ ద సైన్స్’. రోడ్డు కూడళ్లలో ఇల్లులేనివాళ్లు చేతిరాతతో పట్టుకు నిలబడే అట్టముక్కలుంటాయే, వాటిని వాళ్లకు డబ్బిచ్చి కొన్నారు, సుమారు 300. వాటితోనే గోడలు కట్టారు. లోపల నిలబడితే చుట్టూ ఆ చేతిరాతలు: ఆకలి, పని, సాయం. ఇల్లు లేక తిరిగిన పూర్వీకుల జ్ఞాపకంగా కట్టే గుడిసె కదా ఇది. ఇంతకన్నా శాస్త్రోక్తమైన సుక్కా ఎక్కడ దొరుకుతుంది?

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీం అనే చిన్న సమాజం ఉంది. తెలుగు మాట్లాడే, తమను యూదులుగా చెప్పుకునే కుటుంబాలవి, సొంత ప్రార్థనామందిరం కూడా ఉంది. తాటాకు నేలలో మొలిచినదే, కోసి కప్పేదే, సందుల్లోంచి చుక్కలూ కనబడతాయి. మన ఆర్కిటెక్చర్ కళాశాలల పిల్లలు, పందిళ్లు వేసే పనివాళ్లు, కొండపల్లి బొమ్మలు చెక్కేవాళ్లు, పెంబర్తి ఇత్తడి పనివాళ్లు ఆ కుటుంబాల అనుమతితో ఒక్క పండుగకు కలిసి కూర్చుంటే ఎన్ని సుక్కాలు, ఎన్ని దీపాలు పుడతాయి! ఎవరైనా పూనుకుంటే ఆకులు మోయడానికి నేను వస్తాను.