కంభం లోయ: కట్ట, నీరు, బత్తాయి తోట

గుంటూరు నుండి నంద్యాల వైపు వెళ్ళే రైలులో కూర్చున్నవారికి నేల మారడం కిటికీలోంచే తెలుస్తుంది. నర్సరావుపేట పరిసరాల్లో పత్తి చేలు, ఎర్రగా పరచిన మిరప కల్లాలు. వినుకొండ, దొనకొండ, మార్కాపురం దాటాక నేల మెరక అవుతుంది. పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు దగ్గరపడతాయి. ఆ రెండు వరుసల నడుమ ఉన్న చిన్న వ్యవసాయ పట్టణం కంభం.

మేము అక్కడ ముందుగా చూడగోరింది చెరువును. గుండ్లకమ్మ, జంపలేరు నీళ్ళు కొండల సందులోంచి బయటపడే చోట పూర్వీకులు కట్ట వేశారు. ఇరువైపులా కొండలే గోడలు కావడం వల్ల చిన్న కట్టకే సుమారు 7 కిలోమీటర్ల పొడవున నీరు నిలిచే వీలు కలిగింది. విజయనగర కాలంలో రాణి వరదరాజమ్మ దీనిని కట్టించిందని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీనిని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్టించింది ఎవరైనా, ఆ నీరు అందరి పొలాలనూ తడిపింది. ఎన్నో తరాల నమాజీలకు వుజూ నీరయింది.

చెరువు కింద వరి పండుతుంది. కాలువ అందని మెరక నేలల్లో పత్తి, మిరప, బత్తాయి ఉంటాయి. వాటికి బోరే ఆధారం. మిరప రైతు ఒక ఏడు నష్టపోయినా మరుసటి ఏడు మళ్ళీ నారు పోసుకోగలడు. బత్తాయి రైతుకు ఆ వీలు లేదు. మొక్క నాటిన నాలుగైదేళ్ళకు గాని కాపు రాదు. బోరు ఎండితే గడచిన ఏళ్ళ కష్టమూ, రాబోయే ఏళ్ళ ఆశా ఒక్కసారే పోతాయి. కరవు కాలంలో ట్యాంకర్లతో నీరు తోలించి చెట్లను కాపాడుకోజూసి, చివరకు గొడ్డలి పెట్టక తప్పనివారు పశ్చిమ ప్రకాశంలో ఎందరో ఉన్నారు.

కొండల నడుమ కట్ట, దాని అండన తోటలు. ఈ దృశ్యం చూసినప్పుడు దివ్య ఖుర్ఆన్‌లోని ‘సబా’ సూరా గుర్తుకు రాక మానదు. యెమన్‌లోని సబా జాతికి కుడిఎడమలా తోటలుండేవి. ప్రభువు ప్రసాదించిన ఆహారం తిని, ఆయనకు కృతజ్ఞులై ఉండమన్నదే వారికి అందిన ఆదేశం. వారు విముఖులయ్యారు. కట్ట తెగింది. తియ్యని పండ్ల చోట చేదు కాయలూ, పొదలూ, కొన్ని రేగు చెట్లూ మిగిలాయి.

కృతజ్ఞత నాలుకతో ముగిసేది కాదు. చెరువు భూమిని ఆక్రమించకపోవడం, కాలువలో ముళ్ళకంప తొలగించడం, పొరుగువాని వంతు నీటిని మళ్ళించుకోకపోవడం కూడా షుక్రే. మనలో చాలామంది రాత్రివేళ ‘ముల్క్’ సూరా పఠిస్తాము. మీ నీరు భూమిలోకి ఇంకిపోతే ప్రవహించే నీటిని మీకు తెచ్చేదెవరని దాని చివరి ఆయత్ ప్రశ్నిస్తుంది. వందల అడుగులు తవ్వినా తడి తగలని బోరు దగ్గర నిలిచిన రైతుకు ఆ ప్రశ్న అర్థం వేరే చెప్పనక్కరలేదు.

వర్షమో, ఏరో తడిపిన పంటలో పదోవంతు, శ్రమపడి తోడిన నీటితో పండినదానిలో ఇరవయ్యోవంతు ఉష్ర్ అని దైవప్రవక్త (సఅసం) నిర్ణయించారు. రైతు కష్టాన్ని షరీఅత్ గుర్తించి భారం సగానికి తగ్గించింది. అయితే తోడుకున్నాను గనుక నీరంతా నాదేనన్న వాదనకు తావివ్వలేదు. ఆ పంటలోనూ పేదల వంతు నిలిపింది.

శ్రీశైలం నుండి నల్లమల కింది సొరంగాల గుండా కృష్ణా నీటిని తెచ్చేందుకు 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టుపై ఈ సీమ ఎంతో ఆశ పెట్టుకుంది. నీరు ఎక్కడి నుండి వచ్చినా, నిలిపే కట్టనూ పారే కాలువనూ కాపాడుకునేవారికే అది దక్కుతుంది.

రంజాన్‌లో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద బత్తాయి ఒలిచి పిల్లలకు ఇచ్చేటప్పుడు, ఆ పండు వెనుక ఉన్న నీటి కథ కూడా వారికి చెప్పుదాము. అల్లాహ్ ఆ లోయకు చాలినంత వాన కురిపించుగాక! మనలను కృతజ్ఞులలో చేర్చుగాక! ఆమీన్.