లక్ష రూపాయల పలక

ఫ్రిజ్ కొనాలంటే నాలుగు షాపులు తిరుగుతాం. తలుపు తీసి చూస్తాం, రబ్బరు లాగి చూస్తాం, పక్కింటావిడ అనుభవం అడుగుతాం. ఇక చీరైతే చెప్పనే అక్కర్లేదు. అంచు, కొంగు, వెనకవైపు దారాలు అన్నీ చూడందే బేరం మొదలెట్టం. మరి ఇంట్లోకి ల్యాప్‌టాప్ వస్తోందంటే మాత్రం "మనకేం తెలుస్తుందిలే" అని వంటింట్లోకి వెళ్ళిపోతాం. కట్టే డబ్బు మాత్రం మన చీటీ డబ్బే!

మాది రాజమండ్రి. 2025 వేసవికి మా అమ్మాయికి ఇంజనీరింగ్ రెండో ఏడు పూర్తయింది. 2022లో 46 వేలు పెట్టి కొన్న ల్యాప్‌టాప్ అప్పటికి మూలకొచ్చింది. మూత మడిచే కీలు ఊడితే ఒకసారి, బ్యాటరీకి ఒకసారి కలిపి ఇంకో ఆరున్నర వేలు తిన్నది. లోపలి ఫ్యాను చప్పుడు వినలేం. "ఏమే, పిల్ల ఈ వేళప్పుడు పచ్చడి రుబ్బుతోందా?" అని మా అత్తగారు మంచం మీంచి అడిగేవారు. అన్నిటికంటే బరువు. దాన్నీ, ఇటికలాంటి దాని ఛార్జర్నీ, రికార్డు పుస్తకాల్నీ, క్యారేజీనీ ఒకే సంచిలో వేసుకుని పిల్ల గంటసేపు బస్సులో నిలబడి వెళ్ళేది. సాయంత్రం రాగానే భుజం పట్టేసిందని కూర్చునేది.

అదే సమయానికి నా చీటీ చేతికొచ్చింది. దాని మీద నాకు వేరే ఆశ ఉంది. పిల్లని కాలేజీలో చేర్చినప్పుడు ఫీజుకని నా నాలుగు గాజులూ బ్యాంకులో పెట్టాం. వాటిని విడిపించుకుందామని రెండేళ్ళుగా ఆ చీటీ కట్టాను.

"అమ్మా, చిన్నది, పల్చటిది ఒకటుందే, మ్యాక్‌బుక్ ఎయిర్" అంది పిల్ల. ధర అడిగితే 99,900 అంది. మావారు చదువుతున్న పేపరు కింద పెట్టేశారు. "యాభై రెండు వేలకి బ్రహ్మాండమైనవి వస్తుంటే లక్ష ఎందుకే? ఆ డబ్బుకి కాసు పైన బంగారం వస్తుంది" అన్నారు. ఇద్దరి మాటా కాదనలేదు నేను. నా కళ్ళతో చూడందే రూపాయి తియ్యనన్నాను.

అదృష్టం కొద్దీ మా చెల్లెలు హైదరాబాదు నుంచి పది రోజులుండటానికి వచ్చింది. ఇంట్లోంచే పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్తుంది తను. 2021లో కొన్న మ్యాక్‌బుక్ ఎయిరే వాడుతోంది. షాపులో కొత్తది మిలమిలలాడుతుంది, అందులో వింతేముంది? నాలుగేళ్ళు ఇంట్లో నలిగిన వస్తువు ఎలా ఉందో చూస్తేనే నిజం తెలుస్తుంది. ఆ పది రోజులూ దాన్ని నాకిమ్మన్నాను.

ముందు వంటింటి కాటా మీద పెట్టాను. 1.29 కిలోలు! పిల్ల పాతది ఛార్జర్ కాకుండానే 2.3 కిలోలు తూగింది. కిలో తేడా అంటే ఎంతో మనకి తెలుసు. రోజూ కిలో బియ్యం భుజానికి వేసుకుని తిరగమంటే తిరుగుతామా?

తర్వాత చప్పుడు. అసలు లేదు! అందులో ఫ్యానే లేదట. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌ని ఆఫీసు కాగితాల కవరులోంచి తీసి చూపించాడు, అంత పల్చగా ఉండేదన్నమాట. కానీ అప్పుడు లోపల ఇంటెల్ చిప్పుండేది, దాన్ని చల్లబరచడానికి ఫ్యానూ ఉండేది. 2020 నవంబరులో యాపిల్ వాళ్ళు సొంతంగా రూపొందించుకున్న ఎం1 చిప్పు వేశాక ఎయిర్‌లో ఫ్యాను తీసేశారు. చెల్లెలిది ఆ ఎం1 రకం. పిల్ల అడిగింది 2025 మార్చిలో వచ్చిన ఎం4 రకం. ఫ్యాను లేకపోతే వేడెక్కదా అని నా అనుమానం. మామూలు చదువు పనులకి ఒళ్ళో పెట్టుకున్నా గోరువెచ్చగా కూడా అవలేదు. పెద్ద పెద్ద వీడియోలు తయారుచేయడంలాంటి బరువు పని గంటలకొద్దీ చేస్తే మాత్రం తనే వేగం తగ్గించుకుంటుంది. పాలు పొంగబోతుంటే మనం సిమ్‌లో పెట్టమూ, అలాగన్నమాట. ఒక్క సంగతి చెప్పాలి. పది నుంచి 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని కంపెనీ వాళ్ళే రాశారు. మే నెలలో మా ఊళ్ళో 35 అంటే పొద్దున్నే దాటిపోతుంది! మిట్టమధ్యాహ్నం పరుపు మీద పెట్టి వాడొద్దని, చెక్కపీట మీద పెట్టి గదిలో ఫ్యాను వేసుకోమని పిల్లకి గట్టిగా చెప్పాను.

బ్యాటరీ విషయంలో నేను నిజంగా ఆశ్చర్యపోయాను. వీడియోలు చూస్తే 18 గంటలొస్తుందని కంపెనీ మాట. అది కొత్తదానికి, వాళ్ళ లెక్క ప్రకారం. చెల్లెలిది నాలుగేళ్ళ పాతది కదా, ఒకరోజు ఉదయం ఎనిమిదింటికి ఛార్జర్ దాచేసి పిల్ల చేతికిచ్చాను. ప్రోగ్రాములు రాసుకుంది, క్లాసులు చూసింది, సాయంత్రం మా అత్తగారికి సీరియలు పెట్టింది. రాత్రి ఎనిమిదికి కూడా ఇంకా మిగిలే ఉంది. కరెంటు పోయే ఊళ్ళలో ఉండే వాళ్ళకి దీని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. దాని ఛార్జర్ 30 వాట్లే. మన పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తాగుతుంది.

కీబోర్డు మీద తెలుగు వస్తుందో రాదో చూశాను. వచ్చింది! గోంగూర పులిహోర చేసే విధానం ఒక పేజీ కొట్టేసరికి గంట పట్టింది, అది నా వేళ్ళ సంగతి. తెర అద్దంలా ఉంటుంది, కిటికీకి ఎదురుగా కూర్చుంటే మన మొహమే కనపడుతుంది. కెమెరా మాత్రం చెల్లెలి దాంట్లో బాగోలేదు, అత్తగారి మొహం మసకమసకగా వచ్చింది. ఎం4లో మెరుగైన కెమెరా పెట్టారు.

ఇక నచ్చనివి. పక్కన రెండంటే రెండే చిన్న రంధ్రాలు. మన పెన్‌డ్రైవు దూరదు, కాలేజీ ప్రొజెక్టరు తీగ దూరదు. వాటికి మధ్యలో తగిలించే అడాప్టరు విడిగా కొనాలి. చెల్లెలి దాంట్లో ఛార్జరు కూడా ఆ రెండిట్లోనే గుచ్చాలి. ఎం4కి ఛార్జరు కోసం వేరే చోటుంది, అది అయస్కాంతంతో అతుక్కుంటుంది. తీగ కాలికి తగిలితే ఊడొస్తుంది గానీ ల్యాప్‌టాప్ కింద పడదు. చేతికర్రతో తిరిగే పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది చాలా మేలు.

రెండోది, జాగ్రత్తగా వినాల్సింది. ర్యామ్ అంటే వంటగట్టు, స్టోరేజీ అంటే అటక అనుకోండి. గట్టు వెడల్పుగా ఉంటే ఒకేసారి నాలుగు పనులు చేసుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాపుల్లో చాలావాటికి తర్వాత గట్టు పెంచుకోవచ్చు. దీనికి కుదరదు, బోర్డుకే అతికేసి ఉంటుంది. అటకా అంతే. కొన్ననాడు ఎంతో, పారేసేనాడూ అంతే. చెల్లెలిది 8 జీబీ, ఎక్కువ పనులు పెడితే కాస్త తడబడింది. ఎం4లో తక్కువలో తక్కువే 16 జీబీ ఇచ్చారు కాబట్టి గట్టు చాలు. అటక మాత్రం 256 జీబీయే. 512 కావాలంటే 2025లో ఇంకో 20 వేలు అడిగారు! పెళ్ళి వీడియోలూ ఫోటోలూ బయట తగిలించుకునే డిస్కులో పెట్టుకుంటే చాలా తక్కువలో అయిపోతుంది, ఆ 20 వేలూ నేనైతే పెట్టను.

మూడోది వారంటీ. ఏడాది ఇస్తారు గానీ నీళ్ళో కాఫీయో ఒలికితే అది వర్తించదు. మా ఇంట్లో దాని పక్కన గ్లాసు కనపడకూడదని ఆజ్ఞ!

ఇవన్నీ ఒక ఎత్తు, పిల్లల చదువు ఒక ఎత్తు. మాది కంప్యూటర్ సైన్సు కాబట్టి దీంతో ఇబ్బంది లేదు. ఎదురింటి వాళ్ళబ్బాయి మెకానికల్. వాళ్ళకి కావాల్సిన సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదే నడుస్తుంది. బీకాం పిల్లలు నేర్చుకునే ట్యాలీ కూడా విండోస్ కోసం తయారుచేసిందే. ఎలక్ట్రానిక్స్ వాళ్ళు చిప్పుల డిజైనుకి వాడే వివాడోదీ అదే గొడవ, విండోసో లైనక్సో ఉండాలి. అలాంటి వాళ్ళు ఎంత ముచ్చటపడినా ఇది కొనకూడదు. తేలికైనదే కావాలంటే విండోస్‌లోనూ ఉన్నాయి. ఎల్‌జీ గ్రామ్ 14 అంగుళాలది, ఆసుస్ జెన్‌బుక్ 14 లాంటివి. అవీ ఖరీదైనవే అనుకోండి. ముందు కాలేజీలో మూడు నాలుగేళ్ళకీ ఏ సాఫ్ట్‌వేర్లు కావాలో రాయించుకుని, ఆ కాగితం పట్టుకుని షాపుకెళ్ళండి.

చివరికి మావారితో లెక్కకి కూర్చున్నాను. పాతదానికి కొన్న ధర, రిపేర్లు కలిపి 52,500 అయింది. మూడేళ్ళు పనిచేసింది. అంటే రోజుకి 48 రూపాయలు. యాపిల్ వాళ్ళ సొంత ఆన్‌లైన్ దుకాణంలో 2025లో విద్యార్థులకి ఎం4 89,900కే ఇచ్చేవారు. ఐదేళ్ళు వస్తే రోజుకి 49 రూపాయలు. "ఐదేళ్ళు వస్తుందని ఏమిటి నమ్మకం?" అన్నారాయన. చెల్లెలి ల్యాప్‌టాప్ మూత ఒంటి వేలితో ఎత్తి చూపించాను. నాలుగేళ్ళయినా కీలు వదులవలేదు, కొత్త సందూకు మూతలా నిలబడింది. ఆయన దాన్ని రెండుసార్లు తెరిచి మూశారు. "నీ గాజులో?" అన్నారు.

ఆ మాట దగ్గర నేనూ రెండు రోజులు ఆగాను. గాజులు లేకపోతే పెళ్ళిళ్ళకి మట్టిగాజులేసుకుని వెళ్ళొచ్చు. వడ్డీ అంటారా, నెలనెలా కడుతూనే ఉన్నాం, ఇంకో ఏడాది కడతాం. పిల్ల భుజం మాత్రం ఏడాది ఆగదు. పైగా మూడో ఏడులో ఉద్యోగాల పరీక్షలు మొదలవుతాయి, మధ్యలో ఆగిపోయే మిషనుతో కూర్చోబెట్టలేను. జూన్‌లో ఆర్డరు పెట్టాం. కొత్త చీటీ ఒకటి మొదలెట్టాను, ఈసారి అది గాజులకే అని అందరి ముందూ చెప్పాను కూడా.

షాపుల్లో దీనికి అమ్మే సంచులు ఖరీదు చూసి ఇంట్లోనే కుట్టాను. అడిగినవాళ్ళున్నారు కాబట్టి కొలతలిస్తున్నాను. ల్యాప్‌టాప్ 12 అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు, మందం అర అంగుళం కూడా ఉండదు. పాత పట్టుచీర ముక్క 14 అంగుళాల వెడల్పు, 24 పొడవు కత్తిరించుకోండి. లోపలికి మెత్తటి ఫ్లానెల్, మధ్యలో పల్చటి స్పాంజి పెట్టి మూడూ కలిపి కుట్టేయండి. పైన ఐదు అంగుళాలు మూతకి వదిలి మిగతాది సగానికి మడిచి పక్కలు కుట్టాలి. ఇనుప గుండీలు పెట్టకండి, అల్యూమినియం మీద గీతలు పడతాయి, వెల్క్రో చాలు. ఛార్జరుకి విడిగా చిన్న సంచి కుట్టుకోండి, రెండూ ఒకే దాంట్లో పెడితే ఒత్తుకుంటాయి.