వచ్చాడా? వచ్చిండా?

కొన్నేళ్ల కిందట వరంగల్లులో ఒక బడిలో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నప్పటి సంగతి. "మా ఇల్లు" అన్న వ్యాసంలో ఒక పిల్లవాడు ఇట్లా రాశాడు: "మా నాయిన ఎనుమాముల మార్కెట్ల హమాలీ. నిన్న రాత్రి పదింటికి వచ్చిండు. మిర్చి బస్తాలు మోసి భుజం వాసింది." నేను "వచ్చిండు" కింద ఎర్రసిరా గీత గీసి, పైన "వచ్చాడు" అని దిద్దాను. వాసిన భుజాన్ని గురించి ఒక్క ముక్కా రాయలేదు.

తరువాతి వ్యాసంలో వాడు ఇట్లా రాశాడు: "మా తండ్రిగారు కష్టజీవి. ఆయన మమ్ములను బాగుగా చదివించుచున్నారు." అందులో తప్పు ఒక్కటీ లేదు. తండ్రీ లేడు.

నోటిలో కుదించుకున్న మాటకు కాగితం మీద చోటుందా అన్న ప్రశ్న ఆనాటి నుంచీ నన్ను వదల్లేదు. ఇంతకూ నేను చేసిన దిద్దుబాటు ఏపాటిది? "వచ్చినాడు" అన్న మాటను కోస్తా నోరు కుదిస్తే "వచ్చాడు" అయింది. ఓరుగల్లు నోరు కుదిస్తే "వచ్చిండు" అయింది. రెండూ కుదింపులే. ఒకటి పాఠ్యపుస్తకం ఎక్కింది, మరొకటి హమాలీ ఇంట్లో మిగిలింది. అంతే తేడా.

"వచ్చాడు" మాత్రం పుట్టుకతోనే మర్యాద తెచ్చుకున్నదా? ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో దాన్ని కూడా గ్రామ్యమనే వెలివేశారు. గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా పోరాడవలసి వచ్చింది. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాయవలసి వచ్చింది. ఆ పోరాటం గెలిచింది. కానీ గెలిచిన వ్యవహారంలో కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవారి పలుకుబడే శిష్టమై కూర్చున్నది. నిన్న వెలివేతకు గురైన మాట నేడు మరొకదాన్ని వెలివేసింది.

ఇంగ్లీషులోనూ ఇదే న్యాయం. "డూ నాట్" కుదిరి "డోంట్" అయితే పాఠం చెబుతాం. "ఏంట్" కూడా అటువంటి కుదింపే. ఒకప్పుడు ఇంగ్లండులో పెద్దింటివాళ్లూ వాడిన మాటే. కూలీ జనం నోట మిగిలేసరికి అది తప్పయింది. మాట యోగ్యతను వ్యాకరణం కన్నా ముందు వర్గం నిర్ణయిస్తుందనడానికి ఇంతకన్న సాక్ష్యం వద్దు.

"ఊరికొక రూపమైతే అందరికీ అర్థమయ్యే భాష ఏమౌతుంది?" అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చట్టానికీ, శాస్త్రానికీ, నలుగురికీ చేరవలసిన ప్రకటనకూ ఉమ్మడి రూపం కావాలి. అది లేకుంటే మొదట నష్టపోయేది హమాలీ కొడుకే. కనుక "వచ్చాడు" నేర్పవలసిందే. అయితే "వచ్చిండు"కు తోడుగా నేర్పాలి గాని, దాన్ని చంపి కాదు.

ఈ ఓరుగల్లులోనే బతికిన కాళోజీ జనం పలుకునే కవిత్వం చేశాడు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు వేదికల మీద "వచ్చిండు" అని చప్పట్లు కొట్టించుకుని, మర్నాడు తరగతిలో అదే మాట కింద గీత గీస్తే ఆ పండుగ ఎవరిది?

ఇప్పుడు నేను నోటుపుస్తకం దిద్దేటప్పుడు ముందు భుజం ఎందుకు వాచిందో అడుగుతున్నాను. క్రియాపదం సంగతి ఆ తరువాత. ఆ పిల్లవాణ్ణి అడగవలసినప్పుడు మాత్రం అడగలేదు.