పరకీర్తన శ్రవణం – స్వరనిష్ఠ

ధనుర్మాసం ప్రవేశించిన నాటినుండి మేడ్చల్ పరిసరాలలోని వైష్ణవాలయాలలో తెల్లవారకముందే తిరుప్పావై పారాయణం ప్రారంభమవుతుంది. ముప్పది పాశురాలు, ముప్పది ప్రభాతాలు. గోదాదేవి తన పాశురాలలో గోపికాభావాన్ని ధరించి, ఇంటింటికీ వెళ్ళి, నిద్రిస్తున్న చెలులను మేల్కొలిపి, అందరినీ వెంటబెట్టుకొని స్వామి సన్నిధికి నడిపించినది. ఏకాంతంగా పొందదగిన అనుగ్రహాన్ని కూడ పదిమందితో కలిసి పొందాలన్నది ఆ తల్లి హృదయం. అదే మాసంలో, అవే వీధులలో, రాత్రివేళ మరొక బృందం కూడ ఇంటింటికీ వెళ్ళి పాడుతుంది. క్రిస్మస్ సమీపించినప్పుడు క్రైస్తవ కుటుంబాల యువతీయువకులు తమవారి గుమ్మాల ముందు నిలిచి పాడే కారల్స్ అవి.

ఈ రెండు గానాల మధ్య నివసించే సాధకునికి ఒక ప్రశ్న సహజంగా ఉదయిస్తుంది. పరమతస్థుల కీర్తనను శ్రద్ధగా వినుట అనన్యభక్తికి భంగమగునా?

ఈ ప్రశ్నకు రెండు సులభసమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. "అన్ని మతాలూ ఒకటే, ఏది విన్నా దోషం లేదు" అనునది మొదటిది. "అది మనది కాదు, చెవిని పడనీయవద్దు" అనునది రెండవది. పరస్పర విరుద్ధాలుగా కనిపించినా, ఈ రెండింటిలోనూ ఒకే లోపం ఉన్నది. మొదటివాడు ఎదుటివాని మాటను వినకముందే దానికి తన అర్థాన్ని అంటగట్టినాడు. రెండవవాడు వినకముందే భయపడినాడు. శ్రవణం ఇద్దరిలోనూ జరుగలేదు. భాగవతం సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో శ్రవణానికే ప్రథమస్థానం. భగవద్విషయాన్ని వినుట అక్కడి తాత్పర్యమన్నది నిజమే. అయినను వినుట అనే సంస్కారం లేనివానికి ఏ విషయమూ చెవిని దాటి లోనికి పోదు.

మేడ్చల్‌లో నివసించే ఒక వృద్ధ సాధకురాలికి ఈ ప్రశ్న 2024 మార్గశీర్షంలో అనుకోని రూపంలో ఎదురైనది. ఆమె సమాశ్రయణం పొందిన శ్రీవైష్ణవురాలు. దేవతాంతర భజన కూడదన్నది ఆమె సంప్రదాయంలో దృఢమైన నియమం. ఆమె మనుమరాలు శామీర్‌పేట వైపున్న ఒక విద్యాలయంలో చదువుతూ అక్కడి బృందగానంలో చేరినది. ఆ డిసెంబరులో వారు పాడవలసినవి క్రిస్మస్ గీతాలు, వాటితోపాటు యూదుల దీపోత్సవమైన హనుక్కా గీతాలు.

ఆ బాలిక సాయంకాలం ఇంట్లో సాధన చేసేది. బాల్యంలో కొంత సంగీతం నేర్చిన అమ్మమ్మకు ఆ పాట వినగా వినగా ఇబ్బంది కలిగేది. ఎక్కడా రాగఛాయ లేదు. ఒకే స్వరం వద్ద చాలాసేపు నిలిచి, ఎక్కవలసినచోట దిగి, దిగవలసినచోట కదలక ఉండేది.

"పాట తప్పుతున్నావు బిడ్డా" అని ఆమె ఒకనాడు అన్నది.

"తప్పలేదు అమ్మమ్మా. నాది ఆల్టో. అసలు పాట సోప్రానో వాళ్ళు పాడతారు. నువ్వు వచ్చి వింటే తెలుస్తుంది. వస్తావా?"

ఆ ఆహ్వానంతో ఆమెకు సంకటం ఏర్పడినది. వెళ్ళకపోతే పిల్ల మనస్సు నొచ్చుకుంటుంది. వెళితే తన నియమం ఏమగును? వీటికంటె లోతైన భయం మరొకటి ఉన్నది. ఈ పాటల వెంట పిల్ల తన ఇంటి దైవాన్ని మరచి దూరంగా వెళ్ళిపోతుందేమో! ఆ భయాన్ని పిల్లతో చెప్పలేదు. తిరుప్పావై ఉపన్యసించే పెద్దాయనను ఆశ్రయించి అడిగినది.

ఆయన సమాధానం సూటిగా ఉన్నది. "అన్నీ ఒకటేనని చెప్పి మిమ్మల్ని ఓదార్చను అమ్మా. వారు నమ్మేది వేరు, మనం నమ్మేది వేరు. కాని శరణాగతి ఆత్మ చేసేది, చెవి చేసేది కాదు. మీరు అక్కడ పాడనక్కరలేదు, మ్రొక్కనక్కరలేదు. మనుమరాలు పాడుతుంటే వినండి. వినేటప్పుడు మాత్రం నిజంగా వినండి."

ఆమె వెళ్ళి వినిన గీతాలను గురించి కొంత తెలిసికొనుట సాధకులకు ఉపయోగకరం.

హనుక్కా యూదుల కిస్లేవ్ మాసం 25వ తిథినుండి ఎనిమిది రాత్రులు జరిగే పర్వం. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో పరపాలకులచే అపవిత్రమైన యెరూషలేము ఆలయాన్ని మక్కబీయులు తిరిగి శుద్ధిచేసి ప్రతిష్ఠించిన స్మృతి అది. ఒక్కనాటికి మాత్రమే చాలే నూనెతో దీపం ఎనిమిది నాళ్ళు వెలిగినదని వారి ఐతిహ్యం. తొలినాడు ఒక దీపం, మరునాడు రెండు, ఇట్లు దినదినమూ ఒక్కొక్కటి పెంచుతూ ఎనిమిదవ నాటికి ఎనిమిది దీపాలు వెలిగిస్తారు. ఆ ఎనిమిది దినాలలోను ప్రాతఃప్రార్థనయందు 113 మొదలు 118 వరకు గల దావీదు కీర్తనలను పఠిస్తారు. తెలుగు బైబిలులో ఆ గ్రంథానికి పేరు "కీర్తనలు" అనియే. అన్నమాచార్య, రామదాస, త్యాగరాజుల కృతులకు మనవారు వాడిన పదాన్నే అనువాదకులు యూదుల స్తోత్రాలకు ఎన్నుకొన్నారు.

ఆ కీర్తనల గ్రంథమే క్రిస్మస్ గానానికి కూడ ఒక మూలం. లోకమంతటా క్రిస్మస్‌నాడు పాడే "జాయ్ టు ది వరల్డ్" గీతాన్ని ఐజాక్ వాట్స్ అనే ఆంగ్లకవి 1719లో ప్రకటించాడు. అది 98వ కీర్తనకు ఆయన చేసిన క్రైస్తవపరమైన అనుసృజన. మరొకవైపు, హనుక్కా దీపం వెలిగించిన పిమ్మట యూదులు పాడే "మఓజ్ త్సూర్" పదాలు 13వ శతాబ్ది నాటివి. నేడు దానికి విస్తృతంగా వాడే బాణీలో జర్మన్ దేశపు లూథరన్ స్తోత్రగానపు ఛాయలను సంగీత పరిశోధకులు గుర్తించారు. క్రైస్తవుల పండుగపాటలో యూదుల కీర్తన, యూదుల పండుగపాటలో క్రైస్తవుల బాణీ!

అంతమాత్రాన ఆ రెండు మతాలూ ఏకమైపోలేదు. 98వ కీర్తనలో క్రైస్తవుడు దర్శించే రక్షకుడు యూదునికి అక్కడ కనిపించడు. ఆ భేదం కారణంగా చరిత్రలో యూదులు అనుభవించిన బాధ అపారం. ఒకే వేదికపై ఈ రెండు గీతాలను వరుసగా పాడినప్పుడు ఆ భేదం అదృశ్యం కాదు. భేదం ఉండగానే ఒకరు పాడుతుంటే మరొకరు మౌనంగా వింటారు. అక్కడి సంస్కారం అది.

సభలో నాలుగు శ్రేణులు నిలిచాయి. స్త్రీలలో ఉచ్చస్వరం సోప్రానో, దాని క్రింద ఆల్టో. పురుషులలో పైది టెనర్, అడుగుది బాస్. మన భజనలో అందరూ ఒకే వరుసను పాడతారు. ఎందరు చేరినా గానధార ఒక్కటే. ఆ ఏకత్వంలో లీనమగుటయే అక్కడి ఆనందం. బృందగానంలో నాలుగు ధారలు ఏకకాలంలో వేరువేరుగా ప్రవహిస్తాయి. ఇంట్లో తప్పుగా తోచిన ఆ కదలని స్వరం, సభలో మిగిలిన మూడింటి నడుమ చేరగానే, దాని స్థానం ఏమిటో ఆ వృద్ధురాలికి తెలిసిపోయినది. పిల్ల ఒక్క స్వరాన్నీ మార్చలేదు. ఇంట్లో పాడినదే అక్కడా పాడినది. అయితే ఇంట్లో వినిపించినది నాలుగింట ఒక వంతు మాత్రమే.

తిరుగు ప్రయాణంలో మనుమరాలు చెప్పిన మాట మరింత విలువైనది. "పక్కన సోప్రానో వాళ్ళు గట్టిగా పాడుతుంటే అటు లాగేస్తుంది అమ్మమ్మా. మొదట్లో జారిపోయేదాన్ని. మా మేడమ్ చెవులు మూసుకోమనలేదు. నీ స్వరం నీకు గట్టిగా వస్తే వాళ్ళది వినిపించినా భయం ఉండదు అన్నారు."

సాధకులు మననం చేయదగిన తత్త్వం ఇందులో ఉన్నది. బృందగానంలో ఆల్టో తన స్వరాన్ని విడిచి సోప్రానోను అనుకరిస్తే ఐకమత్యం పెరగదు, సంవాదం నశిస్తుంది. తన స్వరానికి భయపడి చెవులు మూసుకున్నా శ్రుతి తప్పుతుంది. స్వస్థానంలో దృఢంగా నిలుచుట, ఇతరులను పూర్ణంగా వినుట, ఈ రెండూ కలిసినప్పుడే గానం సిద్ధిస్తుంది. నిష్ఠ శ్రవణానికి శత్రువు కాదు. నిష్ఠ లేనివానికే శ్రవణం ప్రమాదం. గీతాచార్యుడు స్వధర్మంలో నిలువుమని బోధించాడు. ఏ భక్తుడు ఏ రూపాన్ని శ్రద్ధతో అర్చింపగోరునో, వానికి ఆ రూపమందే శ్రద్ధను అచలం చేయువాడను తానేనని ఏడవ అధ్యాయంలో పలికినవాడూ ఆయనే. ఒక మాట సాధకుని కర్తవ్యం. రెండవది భగవంతుని కార్యం. రెండవదానిని సాధకుడు తన నెత్తిన వేసికొననక్కరలేదు.

సమన్వయమనే పదాన్ని కూడ ఇక్కడ జాగ్రత్తగా గ్రహించాలి. బ్రహ్మసూత్రాల సమన్వయాధికరణం ఉపనిషద్వాక్యాలకు సంబంధించినది, పరమతాలకు సంబంధించినది కాదు. అయినను ఆ పద్ధతి గమనింపదగినది. ఏ వాక్యాన్నీ చెరిపి మరొకదానితో సమానం చేయకుండా, ప్రతి వాక్యాన్నీ దాని ప్రకరణంలో ఉంచి తాత్పర్యాన్ని విచారించుట సమన్వయం. ఏకరూపత సమన్వయం కాదు.

తెలుగునేలపై ఇది క్రొత్త విషయమూ కాదు. బ్రాహ్మణకుటుంబంలో జన్మించి క్రైస్తవం స్వీకరించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) తన క్రైస్తవ కీర్తనలను కర్ణాటక రాగతాళాలలోనే రచించాడు. తెలుగు చర్చిలలో అవి నేటికీ పాడుతున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో యూదాచారాన్ని అనుసరించే బెనే ఎఫ్రాయిం అను తెలుగు సమాజం ఉన్నది. మేడ్చల్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారిపై ఉత్తరంగా సాగి, రామాయంపేట వద్ద పడమరకు మళ్ళితే మెదక్ చర్చి చేరవచ్చు. పాస్నెట్ అను ఆంగ్ల మతాచార్యుని ఆధ్వర్యంలో, కరవుకాలంలో జనానికి పని, అన్నం కల్పిస్తూ నిర్మితమైన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. దానికి నూరేండ్లు నిండిన 2024 డిసెంబరు 25 సాయంకాలమే హనుక్కా తొలిదీపం వెలిగినది. ఆ ఉదయమే మన ఆలయాలలో ధనుర్మాసపు ఆనాటి పాశురం పూర్తయినది. ఒకే అహోరాత్రంలో మూడు ప్రార్థనలు. ఒకటి మరొకదానిని తొలగించలేదు.

ఆ వృద్ధ సాధకురాలు తన నియమంలో ఒక్క అక్షరం కూడ మార్చుకొనలేదు. మనుమరాలిని మాత్రం "తప్పుతున్నావు" అనుట మానినది. సాయంకాలం ఆల్టో సాధన ముగిసిన పిమ్మట, తెల్లవారి చెప్పవలసిన పాశురాన్ని ఇద్దరూ కలిసి ఒకసారి చెప్పుకొనేవారు. పాశురం కంఠస్థం కానివానికి పరకీర్తన భయం కలిగిస్తుంది. కనుక భయం కలిగినప్పుడు సాధకుడు చెవులు మూసుకొనక, తన పాశురాన్ని మరింత గట్టిగా నేర్చుకొనుట మేలు.