పుళల్ మట్టికోట: గట్టా, గోడా?

చెన్నై దగ్గరి శోళవరం చెరువు నీళ్లు కాలువ పట్టుకుని పుళల్ చెరువుకు చేరతాయి. ఆ దారినే దక్షిణంగా వెళ్తే కురుంబులనే తెగవారి కోట ఉండేదని చెప్పే చోటికి వస్తాం. రాతి బురుజుల కోసం వెతికితే నిరాశే, అది మట్టికోట. తొండైమండలంలో ఇరవై నాలుగు కోట్టాలు, అంటే పరిపాలనా విభాగాలు, ఉండేవనీ, పుళల్ కురుంబ ప్రభువును అదొండ చోళుడు ఓడించాడనీ కథ. స్థానిక చరిత్రలు కూడబెట్టిన కల్నల్ మెకంజీ సేకరణలో అది నమోదైంది. మన తెలుగువారైన కావలి సోదరులు పనిచేసిన సేకరణ అదే. గుస్తావ్ ఆపర్ట్ కూడా 1893లో అచ్చయిన తన గ్రంథంలో ఈ కురుంబుల గురించి రాశాడు.

నా మటుకు ఇక్కడ మధ్యయుగపు బలమైన స్థావరమే ఉండేదనిపిస్తుంది. అయితే ఆ నమ్మకానికి ఆధారం కథ కాదు. కథ గెలిచినవాడి పక్షాన చెప్పింది. ఉదాహరణకు, దగ్గర్లోని తిరుముల్లైవాయిల్ మాసిలామణీశ్వరాలయంలో గర్భగుడి ముందు రెండు జిల్లేడు స్తంభాలున్నాయి. ఓడిన కురుంబుల కోట నుంచి తొండైమాన్ అనే రాజు తెచ్చాడంటారు. అక్కడి నంది కూడా స్వామికి వీపు పెట్టి, శత్రువు మీదికి బయల్దేరినట్టు తూర్పుకు తిరిగి ఉంటుంది. పొదలా పెరిగే జిల్లేడు స్తంభమంత లావు ఎలా అయిందన్నది న్యాయమైన సందేహమే. అందుకే ఆ స్తంభాలు విజయం ఎలా గుర్తుండిపోయిందో చెబుతాయి తప్ప, కోట వయసు చెప్పవు. అంతకంటే గట్టి సాక్ష్యం శాసనాలది. చోళుల కాలం నాటి శాసనాల్లో పుళల్ కోట్టం పరిపాలనా విభాగంగా కనిపిస్తుంది. చుట్టుపక్కల నాడులు కలిసిన కోట్టానికి పేరిచ్చిన ఊరు చిన్న పల్లె అయి ఉండదు.

మట్టిగోడతో రాజ్యం నిలుస్తుందా అనే వాళ్లకు ఓరుగల్లే జవాబు. 1310లో మాలిక్ కాఫూర్ సేనలు ముట్టడించిన ఆ మట్టిగోడలో ఉక్కు బల్లెం దిగదని అమీర్ ఖుస్రో రాశాడు.

ఇంకో ఆక్షేపణ బరువైనది: మిగిలిన మట్టి దిబ్బ చెరువు గట్టు కావచ్చు, లేదా హైదర్ అలీ సేన విడిది చేసిందని చెప్పుకునే రోజులది కావచ్చు. 1872లో మద్రాసు నీటి సరఫరా కోసం ఈ చెరువులను కలిపినప్పుడు ఇక్కడి నేల చాలానే కదిలింది. కానీ గట్టుకూ గోడకూ తేడా కనిపెట్టవచ్చు. గట్టు ఒక పక్కే నీటికి అడ్డుపడుతుంది, దానికి తూము ఉంటుంది. కోటగోడ చుట్టూ మూసుకుంటుంది, దాని వెలుపల కందకం ఉంటుంది. గోడను అడ్డంగా కోసి చూస్తే, లోపల దొరికే పెంకుల్లో అన్నిటికంటే కొత్తదాని కాలం కంటే ముందు ఆ గోడ లేచి ఉండదు. కట్టింది కురుంబులా, చోళులా అన్నది ఆ కోత తర్వాత తేల్చుకోవలసిన వాదన. అంతదాకా పుళల్‌ను ముఖ్యమైన స్థావరం అనడానికి శాసనాలు చాలు, కోట కురుంబులదే అనడానికి కథ ఒక్కటే చాలదు.