మంచుకొండపై క్రొత్త సహచరుడు

ఉప్పలు, నాచారములలో మంచు కురియదు. ఇచ్చటి నేల సముద్రమట్టమునకు సుమారు 1,600 అడుగుల యెత్తున నున్నది. పుష్యమాసపు వేకువలందు పట్టు పొగమంచే మాకు దెలిసిన మంచు. ఐనను ఈ ప్రాంతమునకును హిమాలయమునకును చుట్టరికము లేకపోలేదు. ఎవరెస్టు శిఖరపు టెత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించిన సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణాలయము ఉప్పలులోనే యున్నది. ఉప్పలునుండి వరంగల్లు త్రోవను సుమారు 40 కిలోమీటర్లు పోయినచో భువనగిరి యేకశిల కనబడును. ఆ రాతిపై కొండలెక్కుట నేర్చిన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణయు, సాధనపల్లి ఆనందకుమారును 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమున నిలిచిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు.

మేమిద్దరము ఈ పాఠశాల పూర్వవిద్యార్థులము. ఒకరిది ఉప్పలు, ఒకరిది నాచారము. శనివారపు వేకువలందు మౌలాలి గుట్ట మెట్లపై పరుగెత్తుట మాకు చిరకాలపు టలవాటు. ఆ గుట్టపాదముననే 1824లో గతించిన కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి కలదు. అచ్చట మేము ఊపిరి తీర్చుకొనుచుండగా నొకనాడు ఒక యువకుడు వచ్చి, “అన్నయ్యా, నేనును మీతో రావచ్చునా?” యని యడిగెను. అతడు శ్రీకాకుళపు సముద్రతీరమున బుట్టి, నాచారము పారిశ్రామికవాడలో పనికి గుదిరినవాడు. రమ్మంటిమి. మేము సగము మెట్లు చేరులోపల అతడు పైకి బోయి మాకై యెదురుచూచుచుండెను! నాటినుండి మేము ముగ్గురమైతిమి.

ఏడాది సాధనచేసి, 2023 ఫిబ్రవరిలో ఉత్తరాఖండమునందలి కేదారకంఠ పర్వతమునకు బోయితిమి. దాని శిఖరము సుమారు 12,500 అడుగులు. సాంక్రీ గ్రామమున రెండు రాత్రులు నిలిచి, మూడవనాడు తెల్లవారకముందే స్థానికుడగు మార్గదర్శితో బయలుదేరితిమి.

మంచుపై పరుగు మైదానపు పరుగువంటిది గాదు. పదిమంది త్రొక్కిన మంచు గాజువలె గట్టిపడి జాఱును. క్రొత్తమంచు మోకాలివఱకు మ్రింగును. బూట్లకు ఇనుపముండ్ల పట్టీలు తగిలించుకొని, అడుగు చిన్నది చేసి, నిటారుగా నున్నచోట నడచి, చదునైనచోట మాత్రమే పరుగెత్తవలెను. మా సహచరుడు అచ్చటను ముందే. దేవదారు వృక్షముల నడుమ గడ్డకట్టిన జూడా తాలాబు చెరువు చెంతకు మాకంటె ముందుగా జేరి నవ్వుచు నిలిచెను.

ఇచ్చట గాలిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఎంత యెత్తునకు బోయినను గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు, నూటికి ఇరువదియొక్కటియే. కాని గాలి యొత్తిడి తగ్గును గావున ఒక్కొక్క యూపిరితో లోనికి బోవు ప్రాణవాయువు తక్కువగును. 12,500 అడుగుల యెత్తున ఆ యొత్తిడి సముద్రతీరమున నున్నదానిలో ఐదింట మూడు పాళ్లే. సుమారు 8,000 అడుగులు దాటినపిమ్మట ఎవరికైనను తలనొప్పి, వికారము, తూలుడు కలుగవచ్చును. కండబలము దీనికి కవచము గాదు. బలవంతుడు వడిగా నెక్కును గనుక వానికే ముందు తగులుటయు గలదు. ఈ గుర్తులను లెక్కచేయక యెక్కినచో ఊపిరితిత్తులందో మెదడునందో నీరుచేరి ప్రాణముమీదికి వచ్చును. దిగుటయే దానికి మొదటి మందు.

చెట్లు పలుచబడు తావున, మాకు ముందు బోవుచున్న యువకుడు ఆగి మంచుపై గూర్చుండెను. “అన్నయ్యా, నా తల పగిలిపోవుచున్నది, కడుపులో త్రిప్పుచున్నది. పావుగంటనుండి దాచితిని. ఇక దాచరాదని తోచినది” అనెను. లేచి నాలుగడుగులు వేయగా తూలెను.

శిఖరము ఎండలో తెల్లగా మెఱయుచు చేరువనే యున్నట్లుండెను. మార్గదర్శి యొక్కడే. మాలో నొకరు అతనితో శిఖరమునకు బోవుటయు, మఱియొకరు తమ్ముని దింపుకొని పోవుటయు నను తలపు ఇద్దఱికిని వచ్చెను. ఏడాది సాధన, కూడబెట్టిన సెలవులు, రైలు ఖర్చులు గుర్తునకు వచ్చెను. కాని త్రోవ యెఱుగనివాడొకడును తూలువాడొకడును మంచులో దిగుట క్షేమము గాదు. ఒకరి మొగ మొకరము చూచుకొని, మాటలేకయే వెనుదిరిగితిమి.

“నావలన మీ శిఖరము పోయినది గదా” యని అతడు దారిలో కంటనీరు పెట్టెను. “నీవు చెప్పకుండిన నిన్ను మోసికొని దిగవలసి యుండెడిది, పద” యంటిమి. సాయంకాలమునకు సాంక్రీ చేరుసరికి తలనొప్పి తగ్గెను. రొట్టెలును పప్పును మాకంటె ఎక్కువగానే తినెను.

శిఖరము మా కింకను బాకీయే. ఐనను ఆనాటి పరుగులో మాకు మిక్కిలి కష్టముగా దోచిన యెక్కుడు అతడు పలికిన ఆ రెండు మాటలే. అందఱికంటె ముందుండువాడు తనకు చేతగాదని చెప్పుట కెంత ధైర్యము కావలెనో! ఇప్పుడు మౌలాలి మెట్లపై మాకొక కట్టుబాటు గలదు: నూఱు మెట్ల కొకసారి “ఎట్లున్నది?” యని యొకరినొకర మడుగుదుము, ఉన్నది యున్నట్లు చెప్పుదుము.

విద్యార్థులారా! తరగతిలో ముందుండువారును ఒకానొకనాడు పాఠము తెలియక, ఆ మాట చెప్ప సిగ్గుపడి, లోలోపల తూలుచుందురు. మీకట్టి దినము వచ్చినపుడు దాచకుడు. మీ ప్రక్కవానికి వచ్చినపుడు, అతడు మీతో చెప్పుకొనదగినవారుగా నుండుడు.