నూతిలో బొక్కెన

జూన్ 7
లోగిలి బొమ్మ క్రితా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పూర్తయింది. నుయ్యి, గిలక, రోలు, గొళ్ళెం పెట్టిన వంటింటి తలుపు. నేను కడుతున్న కంప్యూటర్ ఆటకు ఈ ఒక్క చోటు చాలు. అమ్మమ్మగారిల్లు పడగొట్టి ఆరేళ్ళయింది. అది ఎక్కడో ఒకచోట ఉండాలి.

జూన్ 11
పాత లాప్‌టాప్‌లో ఆటలు కట్టే గోడాట్ 3 ఇంజిన్ ఉంది. అందులో తెలుగు వత్తులు కిందికి దిగవు. 2023లో వచ్చిన 4కి మారాక కుదురుకున్నాయి. ఫాంటు మండలి.

రాత్రి: మాటలు ఒక్కో అక్షరంగా పడేలా చేశాను. "స్త్రీ" మనకు ఒకే అక్షరం, యూనికోడ్‌కు ఆరు. స, స్, స్త... అని కళ్ళముందే రూపు మారుతోంది. అక్షరం కూర్చాకే లెక్కపెట్టమనే సెట్టింగు దొరికింది. చాలావరకు సర్దుకుంది.

జూన్ 18
1987 నాటి 'మేనియాక్ మాన్షన్' ఆట కోసం లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వాళ్ళు స్కమ్ అనే స్క్రిప్టు భాష తయారుచేసుకున్నారు. తెర కింద క్రియల వరుస: ముందు "తెరువు" నొక్కి, తర్వాత తలుపు నొక్కాలి. ఆ పద్ధతంటే నాకు ప్రాణం, అలాగే కట్టాను. కానీ ఆడుతుంటే చెయ్యి తడబడుతోంది. మనం తలుపు అన్నాకే కదా తెరువు అంటాం! వరుస తిరగేశాను. ముందు వస్తువు, తర్వాత పని. ఇప్పుడు హాయిగా ఉంది.

జూన్ 19
అమ్మ చేత ఆడించాను. తెరమీద "నుయ్యిలో బొక్కెన వెయ్యి" అని పడింది. అమ్మ ఆట ఆపేసింది.
"నూతిలో అనాలే. మీ అమ్మమ్మ ఉంటే ఊరుకునేది కాదు."
పేరు చివర "లో" అతికించే ఫంక్షన్ రాశాను, అదీ తప్పు. నుయ్యి, నూతి. రోలు, రోటి. ఇల్లు, ఇంటి. చెయ్యి, చేతి. బాలవ్యాకరణం ఔపవిభక్తికాలన్నది వీటినే. బళ్ళో బట్టీపట్టిన ఆ మాట ఇన్నేళ్ళకు పనిలో ఎదురైంది.

జూన్ 27
ప్రతి వస్తువుకూ రెండు రూపాలు రాస్తున్నాను: ఒకటి విడిగా పలకడానికి, ఒకటి విభక్తి తగిలించడానికి. గొళ్ళేనికి ఆ రెండూ చాలలేదు. గొళ్ళెంతో, గొళ్ళేనికి, గొళ్ళేన్ని. చేంతాడుతోనా, చేంతాటితోనా? అమ్మ రెండూ అంటుంది. రెండోది ఉంచాను, చెవికి బాగుంది.

జూలై 4
అమ్మ మళ్ళీ ఆడింది. నూతిలో బొక్కెన వేసింది. గిలక కిర్రుమంది. ఆ చప్పుడు పెదనాన్న ఊళ్ళో ఫోన్‌లో రికార్డు చేసి పంపింది, నేను ఆడాసిటీలో గాలిహోరు తీసేశాను. అమ్మ చెయ్యి ఆగింది.
"ఇంకోసారి వెయ్యనా?" అంది.